ఈఎంఐ సరే, ధర ఎంత?

చిన్నీకి,

తెల్లాపూర్ ఫ్లాట్ గురించి అడిగిన ప్రతిసారీ "ఈఎంఐ సరిపోతుంది నాన్నా" అంటున్నావు. చదరపు అడుగు ఎంత పడుతోందో మాత్రం చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

అప్పు అసలు ఖరీదు కొనేవాళ్లకు కనబడకపోతే ఆ బరువంతా ఇంటి ధరలోకి ఎక్కుతుందమ్మా. 50 లక్షల లోన్‌కు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలకు సుమారు 43,400 రూపాయలు కట్టాలి. గడువు 30 ఏళ్లు చేస్తే అదే ఈఎంఐకి 56 లక్షలు ఇస్తారు. మీ జీతాలు అవే, ఎలిజిబిలిటీ మాత్రం 6 లక్షలు పెరిగింది. కొనడానికొచ్చే అందరికీ అలాగే పెరిగిందని తెలిసిన బిల్డర్ రేటెందుకు తగ్గిస్తాడు? చివరికి నువ్వు కట్టేది 1.04 కోట్లకు బదులు 1.56 కోట్లు.

"పొజెషన్ దాకా ఈఎంఐ లేదు", అంటే ఫ్లాట్ చేతికొచ్చేదాకా కట్టక్కర్లేదన్న ఆఫర్ చూసి మురిసిపోకు. అప్పటిదాకా నీ లోన్ మీద బిల్డర్ కట్టే వడ్డీ ఎక్కడో ఒకచోట ఫ్లాట్ రేటులో కలిసే ఉంటుంది. ఇలాంటి స్కీములకు లోన్లు ఇవ్వొద్దని 2019లోనే నేషనల్ హౌసింగ్ బ్యాంక్ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు చెప్పింది.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు, అంటే బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ, 4 శాతం నుంచి 6.5కి పోయింది. దాంతోపాటే హోమ్ లోన్ల వడ్డీ కూడా పెరిగింది. చాలామందికి ఈఎంఐ కదల్లేదు, గడువు మాత్రం ఏళ్లకు ఏళ్లు సాగింది. ఆ సంగతి తెలియని వాళ్లెందరో. గడువు, ఈఎంఐ మారితే చెప్పి తీరాలని 2023 ఆగస్టులో ఆర్‌బీఐ ఆదేశించాల్సి వచ్చింది.

ఇప్పుడు నీకొక మంచి ఆసరా ఉంది. 2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి కొత్త హోమ్ లోన్‌కూ బ్యాంకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్, లీగల్ చార్జీలు అన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. అందులో లేని చార్జీ నువ్వు ఒప్పుకోకుండా వేయకూడదు. తెలుగులో కావాలన్నా అడగొచ్చు.

ఇంతమాత్రాన హైదరాబాద్‌లో రేట్లు పడిపోతాయని నేననను. భూమి ఖరీదు, ఐటీ జీతాలు ఉండనే ఉన్నాయి. వడ్డీ తగ్గిందని అందరికీ వెంటనే తెలిస్తే గిరాకీ ఇంకా పెరగొచ్చు కూడా. కానీ అప్పు మొత్తం లెక్క తెలిసినవాళ్లు బేరమాడతారు, కాదంటే లేచి వచ్చేస్తారు. అలాంటివాళ్లు ఎక్కువైతేనే బిల్డర్ దిగుతాడు.

టోకెన్ అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వొద్దు. రెండు బ్యాంకుల స్టేట్‌మెంట్లు, 20 ఏళ్ల లెక్కతోనే, తెప్పించి నాకు పంపు. అల్లుడుగారిని కూడా చదవమను. డౌన్‌పేమెంట్‌కు మేమెంత సర్దగలమో అవి చూశాక అమ్మా నేనూ చెబుతాం.

ప్రేమతో,
నాన్న