స్టువర్టుపురం పేరు శీర్షికలకెందుకు?

సంపాదకులకు,

దొంగతనం ఎక్కడ జరిగినా సరే, పట్టుబడినవాళ్లలో ఒకడిది స్టువర్టుపురం అయితే చాలు, వార్తకు శీర్షిక దొరికినట్టే: 'స్టువర్టుపురం ముఠా అరెస్టు'. అదే నిందితుడిది మా గుంటూరో, తెనాలో అయితే ఊరి పేరు వార్త అడుగున ఎక్కడో చిన్నగా కనిపిస్తుంది. మీ పత్రిక ఒక్కటే కాదు, టీవీలూ అంతే. నేను చందా కట్టేది మీకు కాబట్టి మీకే రాస్తున్నాను.

నేనుండేది బ్రాడీపేట. పక్కనే అరండల్‌పేట. రెండూ తెల్లదొరల పేర్లే. ఇవాళ ఆ పేర్లు వింటే ఎవరికైనా గుర్తొచ్చేది ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, మండిపోతున్న ఇంటి అద్దెలు. బాపట్లకూ చీరాలకూ మధ్యనున్న స్టువర్టుపురానిదీ దొర పేరే. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద 1913 ప్రాంతంలో పెట్టిన సెటిల్మెంటు అది.

క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో ఉత్తరాదిన మొదలైంది. 1911 తర్వాత మన వైపూ అమలైంది. ఎవరైనా ఏదైనా చేశారా లేదా అన్నది దానికి అనవసరం, ఫలానా కులంలో పుడితే చాలు, నేరస్థుడి కిందే లెక్క. అలా ఎరుకల కుటుంబాలను తెచ్చి స్టువర్టుపురంలో ఉంచారు. రోజూ హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. అంతకుముందు వాళ్లు బుట్టలల్లేవారు, ఎరుక చెప్పేవారు, తీరం నుంచి లోపలి ఊళ్లకు ఉప్పు మోసుకెళ్లి ధాన్యం తెచ్చుకునేవారు. రైళ్లొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ వ్యాపారం పోయింది.

సెటిల్మెంటు నడిపే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థకు అప్పగించారు. ఆ సంస్థను 1882లో మన దేశానికి తెచ్చిన బూత్ టకర్ ఇక్కడి జనంలో కలిసిపోవాలని ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నాడు. ఆయన తనకు నచ్చిన పేరు పెట్టుకున్నాడు. ఎరుకలవాళ్లకు మాత్రం ఊరి పేరూ, కులానికి కొత్త అర్థమూ రెండూ పైనుంచే వచ్చాయి.

విజయవాడకు అవతలి ఒడ్డున సీతానగరంలోనూ అలాంటి సెటిల్మెంటే ఉండేది. ఆ సంగతి ఇప్పుడెవరికి గుర్తుంది? అక్కడికి వెళ్లేది పుష్కర స్నానానికి. చరిత్ర ఒకటే అయినా మచ్చ ఒక్క ఊరికే మిగలడంలో సినిమాల వాటా ఎంతో, మీ శీర్షికల వాటా అంతే.

ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. తర్వాత విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం గారు, జాషువా గారి అమ్మాయి హేమలత గారు స్టువర్టుపురంలో ఏళ్ల తరబడి పనిచేశారు. (ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టినందుకు, ఆ కేంద్రం స్థాపించిన గోరా గారు కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. ఉప్పు మోసిన వాళ్ల వారసుల దగ్గరికి లవణం అనే ఆయన వెళ్లడం యాదృచ్ఛికమే, అయినా నాకు ఇష్టం.) వాళ్ల కృషి గురించి ఎంతమంది పాఠకులకు తెలుసు?

మా వీధిలో అద్దె గది కోసం వచ్చిన కుర్రాడు సొంతూరు బాపట్ల అని చెప్పాడు. ఆధార్ చూశాక ఇంటివాళ్లు "బంధువులొస్తున్నారు, గది ఖాళీ లేదు" అన్నారు. అతను బీటెక్ చదువుతున్నాడు. వాళ్లను తిట్టి ఏం లాభం, వాళ్లూ మీ పేపరు చదివేవాళ్లే.

ఊరి పేరు మార్చేస్తే సరి అనేవాళ్లున్నారు. నాకు నచ్చదు. కొత్త పేరు పెట్టిన మర్నాడే 'ఒకప్పటి స్టువర్టుపురం' అని బ్రాకెట్లో రాస్తారు. మార్చుకోవాలో వద్దో అక్కడివాళ్లు తేల్చుకోవాలి. గుంటూరులో కూర్చుని మనం చెప్పే మాట కాదు.

నేనడిగేది చిన్న పని. నేరవార్తల శీర్షికల్లో ఆ పేరు వాడకండి. నిందితుడి చిరునామా రాయాల్సి వస్తే మిగతావాళ్లది రాసినట్టే వార్త లోపల రాయండి. 'స్టువర్టుపురం తరహా చోరీ' అనే మాట మొత్తంగా ఎత్తేయండి. పోలీసుల ప్రెస్‌నోట్‌లోనే అలా ఉంది అంటారేమో, ప్రెస్‌నోట్‌లో ఉన్నదంతా మీరు అచ్చేయరు కదా. దీనికి ప్రభుత్వ జీవో కూడా అక్కర్లేదు, డెస్కుకు మీరు పంపే ఒక సర్క్యులర్ సరిపోతుంది.

- ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు