దీపావళి ముందు రాత్రి ఎనిమిదింటికి షట్టర్ దించుతున్నాం

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ పత్రికలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. పండుగ పేరు చెప్పి దుకాణాలు మూసుకుంటే వ్యాపారం దెబ్బతింటుందనీ, ఫోనులో అర్ధరాత్రి కూడా సరుకు కొనుక్కోగలిగే ఈ రోజుల్లో సెలవులు పాతకాలపు అలవాటనీ ఆయన వాదన. మాది చెన్నై పాత వాషర్‌మెన్‌పేటలో, ఎం.సి. రోడ్డు పక్క సందులో చీరలు, పిల్లల దుస్తుల దుకాణం. నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన మా మామగారు పెట్టినది. మావారు పోయాక పద్నాలుగేళ్లుగా గల్లా దగ్గర నేనే కూర్చుంటున్నాను. ధనుర్మాసం కాబట్టి పెళ్లి బేరాలు లేవు. సంక్రాంతి రద్దీ ఇంకా అందుకోలేదు. మధ్యాహ్నం దొరికిన ఈ కాస్త తీరికలో ఆయనకు జవాబు రాయాలనిపించింది.

ముందే చెప్పాలి, పండుగలు లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. ఆరుగురు పనివాళ్ల ఇళ్లలోనూ వెలగదు. ఏడాదిలో మాకు వచ్చే రాబడిలో ఎక్కువ భాగం నాలుగైదు పండుగల ముందు వారాల్లోనే వస్తుంది. మిగతా రోజులు అద్దె, కరెంటు, జీతాలు గడిస్తే చాలు.

గల్లా వెనక గోడకు రెండు క్యాలెండర్లు వేలాడుతుంటాయి. ఒకటి తెలుగు పంచాంగం, రెండోది రోజుకో కాగితం చింపే తమిళ క్యాలెండర్. ఆ రెండూ చూడకుండా నేను టోకు వ్యాపారికి సరుకు చెప్పను. తమిళులది సౌరమానం. వాళ్ల ఆడి నెల ఏటా జూలై మధ్యలో మొదలై ఆగస్టు మధ్య దాకా నడుస్తుంది. ఆ నెలలో పెళ్లిళ్లు పెట్టుకోరు కాబట్టి ఊరంతా ఆడి తగ్గింపు బోర్డులు కడతారు. మనది చాంద్రమానం, మన ఆషాఢం అమావాస్యతో వెళ్లిపోతుంది. 2025లో జూలై 25నే శ్రావణం వచ్చింది. ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం నాటికి ఆడి ముగియడానికి ఇంకా వారం పైనే ఉంది. ఆ రోజుల్లో మా బల్లకు ఈ చివర తగ్గింపు చీరలు తిరగేసే తమిళ అమ్మలు, ఆ చివర అమ్మవారికి జరీ అంచు రవికెల గుడ్డ, తమకు మంచి పట్టు అడిగే తెలుగు ఇల్లాళ్లు. ఒకే రోజు ఒకే దుకాణంలో రెండు రకాల బేరం. 2023లో ఏమయింది? అధిక శ్రావణం, అంటే నిజ శ్రావణానికి ముందు అదనంగా ఇంకో నెల, పడింది. ఆషాఢంలో ఆగిన తెలుగు పెళ్లిళ్లు మరో నెల ఆగాయి, వ్రతం ఆగస్టు 25కు జరిగింది. అది చూసుకోకుండా జూలైలోనే పట్టు దించుకున్న మా పక్క దుకాణం ఆయన, అమ్ముడుపోని మూటల మీద రెండు నెలల వడ్డీ కట్టుకున్నాడు.

మా పేటలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. రాయపురం వైపు నుంచి క్రైస్తవులు వస్తారు. క్రిస్మస్ ఒక్కటే ఎటూ కదలని పండుగ, దాని లెక్క సులువు. రంజాన్ అలా కాదు, ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న రంజాన్. 2025లో మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాన్. రాబోయే 2026లో కూడా మార్చి 19 ఉగాదిని ఆనుకునే రంజాన్ ఉంది. ఆ తర్వాత మే, జూన్ నెలల్లో అధిక జ్యేష్ఠం వచ్చి మన పండుగలను వెనక్కి జరుపుతుంది. వాళ్ల లెక్కలో అధిక మాసం లేదు కాబట్టి 2027 నుంచి ఈ రెండు బేరాలూ విడిపోతాయి. ఈ మూడేళ్లూ ఒకే వారంలో రెండు పండుగల సరుకు అమ్ముకునేవాళ్లం, ఆ తర్వాత విడివిడిగా పెట్టుబడి వెతుక్కోవాలి.

దీపావళి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కానీ అది ఏ తేదీకి పడింది అన్నదాని మీదే మా బతుకు ఆధారపడి ఉంటుంది. 2023లో నవంబర్ 12, అంటే జీతాలు పడ్డాక. 2024లో అక్టోబర్ 31, జీతమూ పండుగా ఒక్కరోజే. మొన్న 2025లో అక్టోబర్ 20, జీతానికి ఇంకా పది రోజులుంది. బోనసు అందినవాళ్లు ముందుగా వచ్చారు, అందనివాళ్లు పిల్లలకు మాత్రం తీసుకుని తమకు వద్దన్నారు. నవరాత్రులు మొదలైన సెప్టెంబర్ 22నే కొత్త జీఎస్టీ రేట్లు రావడం కొంత కలిసివచ్చింది. అంతకుముందు కుట్టిన దుస్తులకు వెయ్యి రూపాయల దాకానే 5 శాతం పన్ను, ఇప్పుడు అది 2,500 దాకా వర్తిస్తోంది. పిల్లల పట్టు పావడాలు, గౌనులు దాని వల్ల బాగా పోయాయి.

ఇంతగా పండుగలను నమ్ముకున్న నేనే చెబుతున్నాను. పండుగ నాడు బట్టల దుకాణం మూసి ఉండాలి. ముందు రోజు కూడా రాత్రి ఎనిమిదికి షట్టర్ దించాలి.

ఎందుకో చెబుతాను. 2022లో దీపావళి సోమవారం, ముందు రోజు ఆదివారం. పొద్దున ఎనిమిదికి తెరిచాం. రాత్రి పదకొండున్నరకు కూడా లోపల జనం ఉన్నారు. మా దగ్గర పెద్దావిడ ఒకరు ఇరవై రెండేళ్లుగా చీరలు చూపిస్తున్నారు. వ్యాసర్పాడి నుంచి వస్తారు. కాళ్ల నరాలు ఉబ్బి ఉంటాయి. ఎవరో నీలం రంగులో ఇంకొకటి చూపించమన్నారు. చూస్తే ఆవిడ బల్ల వెనక లేరు. విప్పి పడేసిన చీరల మధ్య నేల మీద కూర్చుని, ఒక మడతల దొంతర మీద తల వాల్చి నిద్రపోతున్నారు. చేతిలో చీర కొంగు అలాగే ఉంది. నేను గల్లా దగ్గర నుంచి, "లేపండి, బేరం పోతుంది" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఆవిడ లేచి, ముఖం తుడుచుకుని, "ఇదిగోనమ్మా" అంటూ నీలం చీర తీశారు. కొనడానికి వచ్చినావిడ కూడా తల దించుకుంది. ఆ చీర కొనలేదు.

తమిళుల ఇళ్లలో దీపావళి అంటే సాయంత్రం దీపాలు కావు. తెల్లవారకముందే నూనె తలంటు, పసుపు పెట్టిన కొత్త బట్టలు, సూర్యుడు రాకముందే టపాసులు. మూడింటికో నాలుగింటికో లేవాలి. మా పెద్దావిడ ఆ రాత్రి ఇంటికి చేరింది ఒంటిగంట దాటాక. మనవరాలికి మా దుకాణంలోనే తీసి పక్కన పెట్టుకున్న పావడా మూట హడావిడిలో ఇక్కడే మరిచిపోయారు. మర్నాడు షట్టర్ తీస్తే గల్లా కింద కనబడింది. ఆ మూట పట్టుకుని ఆటోలో వాళ్లింటికి వెళ్లేసరికి పదిన్నర. పాప పాత గౌనులో ఉంది. పండుగ వేళ దాటిపోయింది.

ఇంకో సంగతి. తమిళనాడులో 2021లో దుకాణాల చట్టాన్ని సవరించి, పనివాళ్లు కూర్చోవడానికి ఆసనాలు ఉండాలని నియమం పెట్టారు. కేరళలో అంతకు మూడేళ్ల ముందే వచ్చింది. మేమూ ఆరు స్టూళ్లు కొన్నాం. మామూలు రోజుల్లో బేరం లేనప్పుడు కూర్చుంటారు. పండుగ వారం వచ్చేసరికి ఆ స్టూళ్ల మీద చీరల కట్టలు పెడతాం, లేదా జనానికి అడ్డమని మేడ మీదకు ఎక్కిస్తాం. కాళ్లు ఎక్కువ నొప్పిపుట్టే రోజుల్లోనే స్టూలు ఉండదు. ఆ రాత్రి దాకా ఇది నా కంటికి ఆనలేదు.

ఆ పండుగ అయ్యాక బిల్లు పుస్తకం తీసి కూర్చున్నాను. రాత్రి తొమ్మిది తర్వాత రాసినవి ముప్ఫై ఏడు బిల్లులు. వాటిలో పట్టుచీర ఒక్కటి లేదు. బనియన్లు, తువ్వాళ్లు, జేబురుమాళ్లు, రెండు మూడు గౌనులు. దీనికోసం ఆరుగురిని అర్ధరాత్రి దాటే వరకు నిలబెట్టాను.

మరుసటి ఏడు పండుగకు పదిరోజుల ముందే తెలుగులో, తమిళంలో బోర్డు రాయించాను. ముందు రోజు రాత్రి ఎనిమిదికి దుకాణం మూస్తాం, పండుగ నాడు సెలవు అని. ఆ రాత్రి షట్టర్ దించుతుంటే నా చేతులు వణికాయి. ఎదురుగా పెద్ద దుకాణంలో దీపాలు ధగధగ వెలుగుతున్నాయి. ఇద్దరు ముగ్గురు షట్టర్ తట్టారు. ఆ రాత్రి బేరం కొంత పోయింది, పోలేదని అనను. కానీ బోర్డు చూసినవాళ్లు రెండు రోజులు ముందే వచ్చారు. మూడు దీపావళులుగా ఇదే పద్ధతి. ఈ ఏడాది శుక్ర, శనివారాల్లో వచ్చిన జనం ఎప్పుడూ ఆఖరి రాత్రి వచ్చేవాళ్లే. స్టూళ్లు కింద, బల్ల వెనకే ఉన్నాయి.

చట్టం ఏమంటుందో పాఠకుడు గారు తెలుసుకోవాలి. 1958 నాటి జాతీయ, పండుగ సెలవుల చట్టం ప్రకారం ఇక్కడి పనివాళ్లకు ఏటా జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2తో పాటు మరో ఐదు పండుగ సెలవులు జీతంతో ఇవ్వాలి. ఆ రోజు పని చేయిస్తే రెట్టింపు కూలి, లేదా ఆనాటి కూలితో పాటు మరో రోజు సెలవు. 2019 జూన్‌లో ప్రభుత్వం పదిమంది, అంతకు మించి పనివాళ్లున్న దుకాణాలు ఏడాది పొడవునా రాత్రింబవళ్లు తెరిచి ఉంచుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చి, దాన్ని పొడిగిస్తూ వస్తోంది. అందులోనూ వారానికో రోజు సెలవు, రోజుకు ఎనిమిది గంటల పని అనే షరతులున్నాయి. తెరవవచ్చన్న మాట అందరూ చదివారు, షరతులు చదివినవాళ్లు తక్కువ. ఆ ఉత్తర్వు మావంటి చిన్న దుకాణాలకు కాదు. అయినా వీధిలో ఒక పెద్ద దుకాణం తెరిచి ఉంటే పక్కనున్న చిన్నవాళ్లకు మూయడానికి ధైర్యం చాలదు. అందుకే ఇది ఒక్కొక్కరి మంచితనానికి వదిలేయకుండా వీధి వీధంతా కలిసి అనుకోవలసిన విషయం అంటున్నాను.

ఐదు పండుగలు ఏవి అన్నది చిక్కు ప్రశ్నే. మా ఆరుగురిలో ముగ్గురు తమిళులు, ఇద్దరు తెలుగువాళ్లు, ఒక ముస్లిం అబ్బాయి. తెలుగు సంవత్సరాదికి ఇక్కడ ప్రభుత్వ సెలవు ఉంది, మా దుకాణం తెరిచే ఉంటుంది. ఆ రోజు తెలుగువాళ్లిద్దరూ రారు. రంజాన్ నాడు ఆ అబ్బాయి రాడు, అతని బల్ల నేను చూసుకుంటాను. సంక్రాంతికి, దీపావళికి మాత్రం అందరికీ సెలవు. ఆయుధ పూజ నాడు మామగారి ఇత్తడి గజం బద్దకు, కత్తెరలకు బొట్టు పెట్టి పీట మీద ఉంచుతాం. విజయదశమి దాకా కత్తెర ముట్టం. కత్తెరకు విశ్రాంతి ఇచ్చి, దాన్ని పట్టుకునే చేతికి ఇవ్వకపోవడం ఏం న్యాయమని మామగారు అనేవారు. ఆయన కాలంలో పండుగ నాడు ఈ సందులో ఒక్క దుకాణం తెరిచేది కాదు.

అన్ని దుకాణాలనూ మూయమనడం లేదు. పూలవాళ్లకు, పాలవాళ్లకు, మిఠాయి కొట్లకు పండుగ నాడే బేరం. వాళ్లకు ఆ పూట పోతే సరుకు వాడిపోతుంది. చీర వాడిపోదు. దీపావళి పొద్దున చీర కొనడానికి బయల్దేరే ఇల్లాలిని ఇన్నేళ్లలో నేను చూడలేదు. ఫోనులో అమ్మే పెద్ద సంస్థలు కూడా తమ పండుగ అమ్మకాలను దసరాకు ముందే పెట్టుకుంటాయి కదా. పండుగ నాడు మూస్తే నష్టమన్న పాఠకుడు గారు ఆ రోజు తాను ఏం కొన్నారో చెబితే బాగుండును.

మీ పత్రికకు ఒక విన్నపం. చెన్నైలో ఉన్న మీ పాఠకుల కోసం పండుగల తేదీలు వేసేటప్పుడు తెలుగు, తమిళ లెక్కలు రెండూ పక్కపక్కన వేయండి. చిన్న వ్యాపారులకు అది చాలా ఉపయోగం. పండుగ కొనుగోళ్లు ఆఖరి రాత్రికి పెట్టుకోవద్దని ఇల్లాళ్లకు నాలుగు మాటలు రాయండి. దుకాణదారు చెబితే వ్యాపారం కోసం అంటారు, పత్రిక చెబితే వింటారు.

సంక్రాంతికి మా బోర్డు సిద్ధమయింది. జనవరి 14 భోగి, 15 సంక్రాంతి. 13వ తేదీ మంగళవారం రాత్రి ఎనిమిదికి మూసి, 17న శనివారం పొద్దున తెరుస్తాం. మా తెలుగువాళ్లలో ఒకబ్బాయిది సూళ్లూరుపేట. ఎనిమిదికి బయటపడితే లోకల్ రైలు అందుకుని భోగి మంట వేళకు ఇంట్లో ఉంటాడు. పిల్లలకు పావడాలు, చొక్కాలు కావలసినవారు దయచేసి ఆదివారం లోపలే రండి. కూర్చుని నిదానంగా చూపిస్తాం.

భవదీయురాలు,
చీరల దుకాణం నడుపుకునే ఒక పాఠకురాలు,
పాత వాషర్‌మెన్‌పేట, చెన్నై