పిక్నిక్ కాగితంలో లేని సంగతి

సంపాదకుల వారికి నమస్కారం.

కార్తీకమాసం కదా, బడులన్నీ వనభోజనాలకు బయల్దేరుతున్నాయి. మా మనవరాలి స్కూలు నుంచి కూడా పోయిన వారం కాగితం వచ్చింది. ఆరో తరగతి పిల్లల్ని ఊరి బయట రిసార్టుకు తీసుకెళ్తారట. ఎంత కట్టాలో, టిఫిన్ ఏమిటో, ఏ రంగు టీషర్టు వేసుకోవాలో అన్నీ ఉన్నాయి. 'స్విమ్మింగ్ పూల్' అని పెద్దక్షరాల్లో వేశారు. అడుగున 'ఏం జరిగినా స్కూలుకు బాధ్యత లేదు' అని రాసి, తల్లిదండ్రుల సంతకానికి గీత గీశారు. ఆ పూల్ ఎంత లోతో, గట్టు మీద ఈత వచ్చినవాళ్లు ఎవరుంటారో మాత్రం లేదు.

నేను 29 ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను. అనంతగిరి కొండలకు, భువనగిరి కోటకు ఎన్ని బ్యాచ్‌లను తీసుకెళ్లానో లెక్కలేదు. పిల్లలు వెళ్లే చోటికి వారం ముందు నేనొకసారి వెళ్లి చూసొచ్చేదాన్ని. దానికి బడి డబ్బులివ్వదు, బస్సు చార్జీ నాదే.

అలా ఒకసారి శివార్లలో ఒక ఫామ్‌హౌస్‌కు వెళ్లాను. పూల్ నీళ్లు పచ్చగా ఉన్నాయి, రెండో మెట్టు కింద ఏమీ కనిపించడం లేదు. గోడ మీద లోతు అంకెల పెయింటు ఊడిపోయింది. పక్కనున్న వెదురు కర్ర ముంచి చూస్తే ఈ చివర నడుము లోతు. గట్టు వెంట నాలుగడుగులు నడిచి మళ్లీ ముంచితే కర్ర మొత్తం మునిగింది. అక్కడ నిలబడ్డ అబ్బాయిని అడిగాను, 'లైఫ్‌గార్డువా బాబూ?' అని. 'అవును మేడమ్.' 'ఈత వచ్చా?' 'రాదు మేడమ్, మొక్కలకు నీళ్లు పెడతా. పిల్లలొచ్చిన రోజు ఇక్కడ నిలబడమంటారు.' అతన్ని ఏమనగలం? అడ్వాన్సు పోతే పోయిందని పిల్లల్ని జూపార్కుకు తీసుకెళ్లాం.

చోటు చూసొస్తే చాలదని గోల్కొండలో తెలిసొచ్చింది. మెట్లు సగం ఎక్కాక ఎనిమిదో తరగతి పాపకు ఆయాసం మొదలైంది. ఇన్‌హేలర్ బ్యాగులో ఉంది, బ్యాగు బస్సులో ఉంది, బస్సు పార్కింగ్‌లో ఉంది. నేను పరుగున దిగి తెచ్చేసరికి పాప పెదాలు నల్లబడ్డాయి. దేవుడి దయవల్ల తేరుకుంది. ఉబ్బసం సంగతి వాళ్లమ్మకు తెలుసు, మేమే అడగలేదు. ఆ తప్పు నాదే. అప్పటినుంచి ఉబ్బసం, ఫిట్స్ ఉన్నాయా, తేనెటీగ కుడితే ఒళ్లు వాస్తుందా, ఏ మందు వాడతారు అని రాయించుకున్నాకే ట్రిప్ సంగతి మాట్లాడేదాన్ని. ఆ మందు బ్యాగులో కాకుండా టీచర్ చేతిలో ఉండేది.

2014 జూన్ 8న మన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, నిమిషాల్లో నది పెరిగింది. ఆ వార్త చదివిన రోజు అన్నం సయించలేదు. నది ఒడ్డున పిల్లల్ని దింపే ప్రోగ్రామ్ ఏదైనా సరే, ఎగువన ఏముంది, గేట్లు ఎప్పుడు ఎత్తుతారు అనే ప్రశ్న ఇక్కడ బస్సు ఎక్కకముందే పడాలి.

విద్యాశాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. పర్మిషన్ ఇచ్చేముందు ఆ చోటుకు ఎవరు వెళ్లి చూశారు, ఏ తేదీన చూశారు, అక్కడ ఫోన్ సిగ్నల్ ఉందా, దగ్గర్లో ఆస్పత్రి ఎంత దూరం అన్నది ఆ మనిషి సంతకంతో రాయించుకోండి. ఒక పేజీ చాలు.

మా మనవరాలి కాగితం మీద సంతకం పెట్టొద్దని అబ్బాయికి చెప్పాను. వెనకవైపు నా చేత్తో రాసి పంపాం: పూల్ లోతెంత, గట్టు మీద ఎవరుంటారు, వాళ్లకు ఈత వచ్చా. పిల్ల రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. జవాబు కోసం చూస్తున్నాం.

- ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్