లాక్ రింగులు కలవని రిమ్ములు సెట్టని అమ్మారు, డబ్బులు వాపసు ఇవ్వండి

మేనేజర్ గారికి,

మీ దగ్గర రీకండిషన్ చేసిన 20 అంగుళాల లారీ రిమ్ములు ఏడు తీసుకున్నాను. ముందుకి రెండు, వెనక జోడు చక్రాలకి నాలుగు, స్టెప్నీకి ఒకటి. బిల్లు మీద "మ్యాచ్ చేసిన సెట్, ఫిట్టింగ్‌కి రెడీ" అని రాసింది మీరే. అందులో మూడింటికి మీరు పంపిన లాక్ రింగులు, అంటే టైరు రిమ్ము మీద నుంచి జారకుండా ఆపే ఇనుప చుట్లు, అసలు ఆ రిమ్ములవి కావు. ఇంకో రిమ్ముకి పగులు మీద వెల్డింగ్ ఉంది. ఫోన్ చేస్తే మీ వాళ్లు నవ్వి తీసిపారేశారు, అందుకే ఇప్పుడు రాసి పంపుతున్నాను.

బండి టాటా మెర్సిడెస్ 1210. టాటా వాళ్లకి బెంజ్ వాళ్లతో 1954లో మొదలైన ఒప్పందం 1969లో ముగిసింది. మాది అంతకు ముందుది, ముందు వైపు ఇంకా బెంజ్ నక్షత్రం గుర్తు ఉన్న బానెట్ లారీ. మా తాతయ్య దాని మీద గుంటూరు మిర్చి తోలాడు. దాన్ని ఎలా ఉండేదో అలాగే నిలబెట్టాలని పని పెట్టుకున్నాం. ఇంజను, గేర్‌బాక్సు, చెక్క బాడీ అన్నీ ఒక కొలిక్కి వచ్చాయి, ఆగిపోయింది మీ చక్రాల దగ్గరే.

మీ సేల్స్ వాళ్లకి తెలిసినట్టు లేదు కాబట్టి చెబుతున్నాను. ఈ రకం రిమ్ము ఒకే ముక్క కాదు. బేస్ మీదకి ఒక పక్క నుంచి ఫ్లాంజి, అంటే టైరు అంచుని ఆపే ఇనుప చుట్టు, వస్తుంది, అది జారిపోకుండా గాడిలో లాక్ రింగు కూర్చుంటుంది, లోపల ట్యూబు, దానికీ రిమ్ముకీ మధ్య ఫ్లాపు అనే రబ్బరు పట్టీ. ఆ రింగుని పట్టి ఉంచే బోల్టు ఏదీ ఉండదు, గాలి ఒత్తిడే అన్నిటినీ బిగించి పెడుతుంది. 9.00-20 సైజు టైరుకి లోడు మీద వంద పీఎస్ఐ దాకా గాలి కొడతారు, అంటే ప్రతి చదరపు అంగుళం మీద వంద పౌండ్లు, మొత్తం కలిస్తే ఆ ఫ్లాంజిని బయటికి నెట్టే బలం టన్నుల్లో ఉంటుంది. అదంతా ఆగేది రింగు గాడిలో సరిగ్గా కూర్చుంటేనే. కూర్చోకపోతే గాలి కొడుతుండగానో, తర్వాత రోడ్డు మీదో అది ఎగిరి వస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి బతికితే అదృష్టం. రింగు వైపు నేలకి తిప్పి, గొలుసు చుట్టి గాలి కొట్టే పంచర్ షాపు వాళ్లు ఊరికే ఆ పని చెయ్యరు.

ఆటోనగర్‌లో మా టైర్లు చూసే బాబాయ్ ఒకాయన ఉన్నాడు. టైరు ఎక్కించక ముందే ఉత్త రింగుల్ని ఒక్కొక్కటీ గాడిలో పెట్టి చూశాడు. రింగు కొసల మధ్య కొంచెం సందు ఉండాలి. ఒకదానికి రెండు కొసలూ తన్నుకుంటున్నాయి, ఒకదానికి వేలు దూరేంత సందు, మూడోది చేత్తో తిప్పితే గాడిలో గిర్రున తిరుగుతోంది. అనుమానం వచ్చి మీ సిల్వర్ పెయింటు గీకిస్తే కింద గుద్దిన ముద్రలు బయటపడ్డాయి. రిమ్ముల మీద సైజు 7.0-20 అని ఉంది, ఈ మూడు రింగుల మీద వేరే కంపెనీ పేరు, వేరే సైజు. అంత మందాన పెయింటు కొట్టింది అందం కోసమో, ముద్రలు కనపడకుండానో మీరే చెప్పాలి. ఇంకా గీకితే గాడిలో తుప్పు తిన్న గుంటల్లో లప్పం. లప్పం, సార్! డోరు మీద సొట్ట పూడ్చేది తెచ్చి రింగు కూర్చునే చోట పెట్టారు. బోల్టు రంధ్రం పక్కన పగులుకి వెల్డింగ్ పెట్టి, నున్నగా గ్రైండింగ్ కొట్టి, దాని మీద కూడా అదే పెయింటు. "వీటికి నేను గాలి కొట్టను, నువ్వు వేరే షాపు చూసుకున్నా సరే" అన్నాడు బాబాయ్.

మీ టెక్నికల్ అతను ఫోన్లో చెప్పిన సలహా ఏంటో తెలుసా? సగం గాలి కొట్టి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే రింగు అదే కూర్చుంటుందట, అందరూ అలాగే చేస్తారట. గాలి ఉన్న చక్రం మీద రింగుని సుత్తితో కొట్టకూడదని, ఒక రిమ్ము భాగాలు ఇంకో దానికి ఇష్టమొచ్చినట్టు కలపకూడదని, పగిలిన భాగాలకి వెల్డింగ్ పెట్టకూడదని, ఇనుప బోనులో పెట్టే గాలి కొట్టాలని అమెరికాలో పనివాళ్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా 1980లోనే రూలు పెట్టింది. అక్కడ ఇలాంటి రిమ్ములు మనుషుల్ని చంపాకే ఆ రూలు వచ్చింది. మన దగ్గర అలా చూసేవాళ్లు లేరని మీకు ధీమా అయి ఉండొచ్చు, కానీ ఇనుము అక్కడా ఇక్కడా ఒకటే.

ఇంకొకరు "ఇంత పాత మోడల్ ఎందుకండీ, 22.5 అంగుళాల ట్యూబ్‌లెస్‌కి మార్చేయండి, మా దగ్గర ఉన్నాయి" అన్నారు. నేను అడిగింది ఏంటి, మీరు అమ్మజూస్తున్నది ఏంటి? రిమ్ము సైజు మారితే టైరు మారుతుంది, హబ్బు రంధ్రం, బోల్టుల మధ్య దూరం, బ్రేకు డ్రమ్ముకి సందు, వెనక జోడు టైర్ల మధ్య ఎడం అన్నీ మళ్లీ చూసుకోవాలి, పైగా బండి రూపమే పోతుంది. రోజూ లోడు తోలే బండి అయితే నేనే ట్యూబ్‌లెస్ వేయించేవాణ్ని, అందులో వాదన లేదు. కానీ లాక్ రింగు రిమ్ము పాతది కావడం తప్పు కాదు. ముక్కలు ఒకదానికొకటి సరిపోతే ఈ దేశంలో లారీలు దశాబ్దాల పాటు వీటి మీదే తిరిగాయి. ఒకరి చెప్పు ఇంకొకరి కాలికి తొడిగి జత అని అమ్మడం తప్పు, ఆ తప్పు మీది.

నాకు కావాల్సింది చెబుతాను. ఏడు రిమ్ములూ వాపసు తీసుకుని బిల్లు మొత్తం ఇవ్వండి, రానూపోనూ ట్రాన్స్‌పోర్ట్ ఖర్చు మీదే. మూడు మార్చి ఇస్తాం, నాలుగు ఉంచుకోండి అంటే కుదరదు, మీరు మ్యాచ్ చేశామన్న మాట మీద నాకు నమ్మకం పోయింది. గాడిలో లప్పం పెట్టినవీ, వెల్డింగ్ పెట్టిందీ మళ్లీ పెయింటు కొట్టి ఇంకొకరికి అంటగట్టకుండా గ్యాస్ కట్టర్‌తో కోసి తుక్కుకి వేయండి, కోసిన ఫోటోలు నాకు పంపండి. ఇదే స్టాకు నుంచి ఇంకెవరెవరికి అమ్మారో వాళ్లకి ఫోన్ చేసి గాలి కొట్టొద్దని చెప్పండి. డబ్బు సంగతి ఎలా ఉన్నా ఈ ఒక్కటి మాత్రం ఇవాళే చేయండి, ఏ హైవే పక్కనో ఎవరో కుర్రాడు వాటి ముందు కూర్చుని గాలి కొడుతుండొచ్చు.

పదిహేను రోజుల్లో జవాబు లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళతాను. ఆ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, మీ ఊరు రావాల్సిన పని లేదు. లారీ కాబట్టి వ్యాపారానికి కొన్నాడు, వినియోగదారుడు కాదు అని తప్పించుకోవాలని చూడకండి, ఈ బండికి పర్మిట్ లేదు, ఇక మీద లోడు ఎక్కేదీ లేదు.

ముద్రల ఫోటోలు, బిల్లు కాపీ, రింగు గాడిలో తిరుగుతున్న వీడియో దీనితో పాటు పంపుతున్నాను. నా పేరు, ఫోన్ నంబరు మీ ఆర్డరులో ఉన్నాయి. రిమ్ములు షెడ్డులో విడిగా పెట్టించాను, పనికిరాని వాటి మీద బాబాయ్ ఎర్ర పెయింటుతో అడ్డంగా గీత గీశాడు, మీ వాళ్లు వచ్చినప్పుడు ఏవి ఏవో వెతుక్కోనక్కర్లేదు. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లని ఏ రోజు పంపుతున్నారో ముందు రోజు చెబితే చాలు.