లివర్ రోగికి ఖనిజాలన్నీ కలిపిన మాత్ర ఎందుకు?

సంపాదకుల వారికి,

నమస్కారం. ఏళ్ల తరబడి లివర్ జబ్బుతో ఉన్న మనిషి నీరసంగా ఉందనగానే మల్టీమినరల్ మాత్ర చేతిలో పెడుతున్నారు. బలానికే కదా, వేసుకుంటే పోయేదేముంది అంటారు. పాడైన లివర్ విషయంలో ఆ మాట చెల్లదు. అక్కడ జింక్, సెలీనియం తగ్గిపోతుంటాయి. అదే సమయంలో మాంగనీస్ పేరుకుంటుంది, కొందరిలో రాగి, ఇనుము కూడా. వీటన్నింటినీ ఒకే గాటన కట్టి ఒకే మాత్రలో మింగించడం తప్పు.

లివర్ మచ్చలు కట్టి గట్టిపడే సిర్రోసిస్‌లో జింక్ తగ్గడం చాలా మామూలు. తిండి సయించదు, పేగు సరిగా పీల్చుకోదు, పొట్టలో నీరు తగ్గడానికి ఇచ్చే మాత్రలతో మూత్రంలో మరికొంత పోతుంది. శరీరంలో తయారయ్యే అమోనియాను యూరియాగా మార్చే పనిలో జింక్ పాత్ర ఉంది. అది కొరవడితే అమోనియా పెరిగి మెదడుకు తగులుతుంది. అందుకే మగత, తికమక పదేపదే వచ్చే రోగికి జింక్ చూడాలి. నోటికి రుచి తెలియకపోయినా, పుండ్లు మానకపోయినా చూడాలి. అయితే అమోనియాను తగ్గించడానికి ఇచ్చే లాక్టులోజ్ మందు మానేసి జింక్ వేసుకుంటే చాలనుకోవడం ప్రమాదం. ఇది దానికి తోడే గాని బదులు కాదు.

పరీక్ష దగ్గరే సగం పొరపాట్లు జరుగుతాయి. సీరంలో, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి వేరుచేసిన ద్రవంలో, జింక్ సుమారుగా డెసీలీటరుకు 70 నుంచి 120 మైక్రోగ్రాములు ఉండాలంటారు. కానీ రక్తంలోని జింక్‌లో ఎక్కువ భాగం లివర్ తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని తిరుగుతుంది. సిర్రోసిస్‌లో ఆల్బుమిన్ పడిపోతుంది కాబట్టి జింక్ అంకె కూడా దాంతోపాటే దిగుతుంది. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడూ అంతే. ఇక సాధారణ ట్యూబు రబ్బరు మూత నుంచి జింక్ రక్తంలోకి దిగి అంకెను పైకి నెడుతుంది. ఎర్ర కణాల్లో జింక్ ఎక్కువ. అవి పగిలి సీరం గులాబీ రంగుకు తిరిగితే ఆ నమూనా పారేసి మళ్లీ తీయాల్సిందే. పరగడుపున, ఉదయం, ట్రేస్ ఎలిమెంట్ల (ఒంట్లో అతి కొద్దిగా ఉండే ఖనిజాల) కోసమే చేసిన ముదురు నీలం మూత ట్యూబులో రక్తం తీయాలి. ఆలస్యం చేయకుండా సీరం వేరు చేయాలి. పక్కన ఆల్బుమిన్, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ లేని జింక్ రిపోర్టు చూసి మందు రాయకూడదని నా అభిప్రాయం.

తర్వాత మోతాదు. మాత్ర మీద జింక్ సల్ఫేట్ 220 మిల్లీగ్రాములు అని ఉంటే అందులో అసలు జింక్ 50 మాత్రమే. జింక్ గ్లూకోనేట్ 50 అని ఉంటే జింక్ దాదాపు 7. లవణం బరువు ఏదో, లోహం బరువు ఏదో తెలియక ఒకరు ఏడో వంతు వేసుకుంటారు, ఇంకొకరు ఏడింతలు మింగుతారు. పెద్దలకు రోజుకు 40 మిల్లీగ్రాముల జింక్ పైహద్దు. డాక్టరు అవసరం చూసి అంతకు మించి ఇవ్వవచ్చు గాని, నెలల తరబడి చూడకుండా వదిలేయకూడదు. ఎక్కువైన జింక్ పేగు కణాల్లో ఒక ప్రొటీన్‌ను పెంచుతుంది. ఆ ప్రొటీన్ రాగిని పట్టి ఉంచుతుంది, కణం రాలినప్పుడు రాగి దాంతోపాటే బయటికి పోతుంది. అప్పుడు రక్తహీనత వస్తుంది, తెల్ల కణాలు తగ్గుతాయి, కాళ్లు తిమ్మిరెక్కి నడక తూలుతుంది. సిర్రోసిస్ రోగిలో కణాలు తగ్గితే ప్లీహం పెరగడం వల్లేనని సరిపెట్టుకునే వీలుంది, రాగి సంగతి ఎవరికీ తట్టదు. దెబ్బతిన్న నరాలు మాత్రం పూర్తిగా కోలుకోకపోవచ్చు. అందుకే మూడు నెలలకోసారి జింక్‌తోపాటు రాగి, రక్తకణాల లెక్క చూడమంటాను. పొట్టలో నీటికి ఇన్ఫెక్షన్ రాకుండా నార్‌ఫ్లాక్ససిన్, సిప్రోఫ్లాక్ససిన్ వాడేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. జింక్‌తో కలిపి వేసుకుంటే ఆ మందు ఒంటికి పట్టదు. యాంటీబయాటిక్ వేసుకున్న రెండు గంటల తర్వాతే జింక్ వేసుకోవాలి.

మాంగనీస్ బయటికి పోయే దారి పైత్యరసమే. ఆ దారి మూసుకుపోతే, లేదా రక్తం లివర్‌ను తప్పించుకుని పోతుంటే, అది మెదడులో చేరుతుంది. ఎంఆర్‌ఐలో కదలికలను నియంత్రించే గ్లోబస్ పాలిడస్ అనే మెదడు భాగం తెల్లగా మెరుస్తుంది. కదలికలు మందగించి ఒళ్లు బిగుసుకోవచ్చు. నరం ద్వారా పోషకాలు ఎక్కించేటప్పుడు ఎక్కువైనదాన్ని పీల్చుకోకుండా ఆపే పేగు కాపలా కూడా ఉండదు కనుక కామెర్ల రోగికి మాంగనీస్ ఆపేయాలి. రాగి కూడా పైత్యరసంతోనే పోతుంది, అది ఎక్కించేటప్పుడూ లెక్క చూసుకోవాలి. పుట్టుకతోనే రాగి బయటికి పోని విల్సన్ జబ్బులో లివర్ నిండా రాగి ఉన్నా రక్తంలో తక్కువ చూపించవచ్చు. ఆ అంకె చూసి రాగి ఇస్తే చేజేతులా విషం పెట్టినట్టే. ఇనుము సంగతి క్లుప్తంగా: ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ వాపుతోనూ, కొవ్వుతోనూ, మద్యంతోనూ పెరుగుతుంది. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో) చూడకుండా ఇనుము ఎక్కువైందనీ చెప్పలేం, తక్కువైందనీ చెప్పలేం.

మాత్రల మీద లవణం బరువుతోపాటు లోహం బరువు అదే సైజు అక్షరాల్లో అచ్చు వేయాలి. ల్యాబులు రిపోర్టులో ఏ ట్యూబు వాడారో, ఆ రోజు ఆల్బుమిన్ ఎంతో రాయాలి. మీ ఆరోగ్య పేజీలో జింక్ గురించి సలహా వేసినప్పుడు ఎన్ని మిల్లీగ్రాముల లోహం, ఎన్నాళ్లు, ఎప్పుడు మళ్లీ పరీక్ష అన్న మూడూ తప్పక ఇవ్వండి.

ఇట్లు,
ఒక క్లినికల్ బయోకెమిస్ట్