చిన్నీ, ఒక్క యూనిట్టా, అన్నీనా?

చిరంజీవి చిన్నికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. పెద్దత్తకి మోకాలి నొప్పి తగ్గింది. మేడ మీద కుళాయి ఎట్టకేలకు బాగు చేయించాను. నీ కబురు లేక చాలా రోజులైంది. నాకేం టెన్షన్ లేదు, మీ అమ్మే అడుగుతోంది.

మొన్న సూర్యం కొడుకు కనబడి, మీ షిప్పు యూఏఈలో ఫుజైరా రేవు బయట లంగరేసి ఉందనీ, స్కావెంజ్ ఫైర్, అదే సిలిండర్లకి గాలి వెళ్లే పెట్టెలో మంట, అయిందనీ ఏదో అన్నాడు. వాడి మాట ఏనాడు నిజమైంది గనక! ఊరికే అడుగుతున్నా, ఎగ్జాస్ట్ పొగ టెంపరేచర్ ఒక్క యూనిట్‌కే, అంటే ఒక్క సిలిండర్‌కే, ఎక్కిందా, అన్నిటికీనా? ఒక్కదానికే అయితే ఆ యూనిట్ సంగతి చూడాలి. అన్నిటికీ ఎక్కితే ఇంజిన్‌కి గాలి చాలడం లేదేమోనని ముందు అనుమానించాలి. ఫిల్టర్, గాలిని ఇంజిన్‌లోకి తోసే టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఎయిర్ కూలర్ వరసగా చూసుకోవాలి.

మా రోజుల్లో వైజాగ్ ఔటర్ హార్బర్లో ఐరన్ ఓర్ ఎక్కించుకుని జపాన్ వెళ్లేవాళ్లం. ఒకసారి లోడింగ్ జరుగుతుంటే సరుకు నింపే హోల్డుల వైపు వెంటిలేటర్లు మూయాలని ఎవరికీ తోచలేదు. ఎర్రదుమ్మంతా ఇంజిన్ రూమ్‌లోకి దిగింది. గాల్లో తేలే ఆయిల్ ఆవిరి దానికి తోడై టర్బో ఫిల్టర్ ఫెల్ట్ గుడ్డ మీద అట్టకట్టేసింది. టెంపరేచర్లు రోజురోజుకీ ఎక్కుతుంటే లాగ్‌బుక్‌లో ఎక్కించడమే తప్ప, ఎందుకని అడిగినవాడు లేడు. మలక్కా దాటాక అలలు లేచాయి. అర్ధరాత్రి వాచ్‌లో టర్బో మొరిగింది చిన్నీ, అచ్చం వీధికుక్కలా. సర్జింగ్, అంటే గాలి వెనక్కి తన్నడం! కాళ్ల కింద ప్లేట్లు అదిరిపోయాయి. చీఫ్ ఇంజనీర్ తమిళాయన, లుంగీతోనే పరుగెత్తుకొచ్చి ఆర్పీఎం తగ్గించమన్నాడు. తెల్లారాక ఇంజిన్ ఆపించి ఫెల్ట్ ఊడదీయించాడు. పిండితే ఎర్రబురద కారింది. కూలర్ రెక్కల మధ్యా అదే. కొత్త ఫెల్ట్ వేసి, కూలర్ని కెమికల్‌తో కడిగాక 40 డిగ్రీలు దిగింది. ఆయన తిట్టిన తిట్లు మాత్రం నీకు రాయలేను.

క్లాసు పీకుతున్నాననుకోకు. టర్బోలో గాలి లాగే కంప్రెసర్ వైపు వాష్ మంచినీళ్లతో, ఫుల్ లోడ్‌లోనే చెయ్యాలి. చుక్కలు వేగంగా కొట్టుకుంటేనే మురికి ఊడేది. పొగతో తిరిగే టర్బైన్ వైపు వాటర్ వాష్ అయితే లోడ్ తగ్గించాకే, లేకపోతే కాగిన బ్లేడ్ల మీద చన్నీళ్లు పడి పగుళ్లిస్తాయి. వాల్‌నట్ చిప్పల పొడితో చేసే డ్రై వాష్‌కి ఆ బాధ లేదు. కూలర్‌కి అటూ ఇటూ ప్రెషర్ తేడా చూస్తుండు. స్కావెంజ్ డ్రెయిన్లు మూసుకుపోనివ్వకు. ఒకవేళ సూర్యం కొడుకు చెప్పిందే నిజమైతే, చల్లారకుండా స్కావెంజ్ తలుపు తీసేవాళ్ల దరిదాపుల్లో ఉండకు. ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే.

చెవులకి మఫ్‌లు పెట్టుకుంటున్నావా? ఆవకాయ సీసా మూత గట్టిగా బిగించు. వాచ్ దిగాక తిని పడుకో, ఫోన్ చూస్తూ కూర్చోకు. చూసేదానివైతే మాకో ముక్క రాయొచ్చుగా!

సిగ్నల్ దొరగ్గానే ఆ యూనిట్ల సంగతి నాకు విడిగా పంపు. అమ్మకి మాత్రం బాగున్నాననీ, వేళకి తింటున్నాననీ రాయి.

మీ నాన్న