వ్యాసుడు కూర్చున్న ఒడ్డు

రామచంద్రపురం

చిరంజీవి చిన్నాకు నాన్న ఆశీర్వదించి రాయునది.

మేమిద్దరం క్షేమం. కాశీలో తొమ్మిది నిద్రలు చేసి మొన్న ఆదివారం ఇంటికి చేరాం. ఘాట్ల మెట్లు దిగడానికి అమ్మ మోకాళ్లు కాస్త ఇబ్బంది పెట్టాయి, ఇప్పుడు ఫర్వాలేదు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పనిలో ఉంటావులే. రాజమండ్రి అత్తయ్య నీ ఉద్యోగం గురించి ఏదో అంది. నేను నమ్మలేదు. అది అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

ఎనిమిదో రోజు గంగకు అవతల ఉన్న రామ్‌నగర్ కోటకు వెళ్లాం. కాశీ రాజు బల్వంత్ సింగ్ 1750లో చునార్ రాయితో కట్టించిన కోట. రాజకుటుంబం ఇప్పటికీ అందులో ఉంటుంది, కొంత భాగం మ్యూజియం చేశారు. పల్లకీలు, అంబారీలు, పాత మోటారు కార్లు, కత్తులు, తుపాకులు, ఏనుగు దంతంతో చేసిన బొమ్మలు ఉన్నాయి. అమ్మ పల్లకీల దగ్గర ఆగింది. నాకు మాత్రం గడియారం దగ్గర కాలు కదల్లేదు. గంటలే కాదు, వారం, నెల, సూర్యచంద్రుల నడక కూడా చూపిస్తుందట. ఆరో తరగతిలో నువ్వు మన గోడ గడియారం విప్పి, బిగించడం రాక మంచం కింద దాచావు. ఆ రోజు నిన్ను కొట్టకుండా ఉండాల్సింది.

కోటలో గంగ వైపు వ్యాసుడి గుడి ఉంది. నాయనమ్మ చెప్పిన కథ గుర్తుందా? కాశీలో వ్యాసుడికి, శిష్యులకు రోజుల తరబడి భిక్ష దొరకలేదు. ఆకలితో కోపం ఆపుకోలేక, ఈ ఊళ్లో మూడు తరాల దాకా విద్య, ధనం, మోక్షం లేకుండా పోవాలని శపించబోయాడు. అంతలో ఒక ఇల్లాలు వాకిట్లోకి వచ్చి భోజనానికి పిలిచింది. ఆవిడ అన్నపూర్ణే. అందరికీ కడుపునిండా పెట్టింది. ఆ తర్వాతే శివుడు వచ్చి, ఇంత కోపమున్నవాడు కాశీలో ఉండకూడదు, పొమ్మన్నాడు. మన కథలో అక్కడి నుంచి ద్రాక్షారామం వచ్చాడు. రామ్‌నగర్ వాళ్లు మాత్రం ఎదురొడ్డునే ఉండిపోయాడంటారు, కాశీని చూస్తూ. నేనూ ఆ గుడి దగ్గర నిలబడి చూశాను. దూరంగా ఘాట్లు కనిపిస్తాయి. చాలాసేపు అక్కడే ఉండిపోయాను, అమ్మ వచ్చి పిలిచేదాకా.

శివుడు పొమ్మన్నాడు, సరే. కానీ ముందు అన్నం పెట్టారు. సంక్రాంతి నాడు విస్తరి ముందు కూర్చున్నవాడితో నేను అలా మాట్లాడకూడదు. నువ్వు తినకుండా లేచి వెళ్లావు. ఆ పూట అమ్మ కూడా తినలేదు.

రామ్‌నగర్‌లో దసరాలకు నెల రోజులు రామలీల జరుగుతుంది, మైకులు, కరెంటు దీపాలు లేకుండా. నీకు సెలవు దొరికితే ముగ్గురం వెళ్దాం. సెలవు అడగాల్సిన అవసరం ఉందో లేదో నాకు తెలియదు. ఒకవేళ అత్తయ్య చెప్పింది నిజమే అయినా టెన్షన్ పడకు. ఉద్యోగం ఇంకొకటి వస్తుంది. కానీ పీఎఫ్ డబ్బు తీయకు. ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చిందైతే ఉద్యోగంతోపాటే పోతుంది, వెంటనే సొంతంగా ఒకటి తీసుకో. క్రెడిట్ కార్డు మీద ఇంటద్దె కట్టకు. మనిషన్నాక చేతిలో ఆరు నెలల ఖర్చు ఉంచుకోవాలని నీకు మొదటి జీతం వచ్చిన రోజే చెప్పాను. ఇవన్నీ రాయకూడదనుకునే కూర్చున్నాను.

కాశీలో ఒక కాయ, ఒక పండు వదలమన్నారు. నేను పొట్లకాయ, సీతాఫలం వదిలాను. అమ్మను వంకాయ వదలమంటే ఒప్పుకోలేదు. వాడికి గుత్తివంకాయ చేసిన రోజు ఉప్పు ఎవరు చూస్తారు అంది. చివరికి కాకరకాయ వదిలింది.

పార్సిల్‌లో గంగ చెంబు, కాశీ దారం ఉన్నాయి. దారం కుడిచేతికి కట్టుకో. అమ్మ సున్నుండలు కూడా పెట్టింది. డబ్బా మూత గట్టిగా పెట్టు, చెన్నై చీమల సంగతి తెలిసిందే. రాత్రి అన్నం మానేయకు.

సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముందు రోజు ఒక్క మెసేజ్ పెట్టు. ఏ వేళైనా సామర్లకోట స్టేషన్‌కు నేనే వస్తాను.

మీ నాన్న